వేలు చూపి, పేరు పిలిచి

నా తెల్ల గ్లౌజుల్ని చూసి
ప్లాట్‌ఫారం మీద పిల్లలు సెల్యూట్ కొడతారు.
కంపెనీ ఏడాదికి ఎనిమిది జతలిస్తుంది.
నాకు నెలకి ఎనిమిది కావాలి.
మిగతావి హిరొసాకిలో
పెళ్లికోట్లు అద్దెకిచ్చే కొట్లో కొంటాను.
కొట్టావిడ నన్ను ఇంద్రజాలికుణ్ణి అనుకుంటోంది.
అనుకోనీ.

అవొమొరిలో జనవరి.
ఒంటిపెట్టె డీజిల్ బండి.
కుడిపక్క సముద్రం, ఎడంపక్క
మోకాళ్లదాకా మంచులో దిగబడ్డ ఆపిల్ తోటలు.
హీటర్ ఎండుగాలి ఊదుతుంటే
మోచేతి మడతలో మొదలవుతుంది.
ముందు ఒక చీమ.
దాని వెనకాలే పుట్ట.

గోటితో పోయేదానికి గొడ్డలెందుకంటారు.
నా ఒంటి మీద గోరే గొడ్డలి.
నలభై మూడేళ్లుగా నరుక్కుంటున్నాను,
నిద్రలో, స్నానాల గదిలో,
మా నాన్న అంత్యక్రియల్లో
నల్లకోటు చేతిలోకి వేళ్లు దూర్చి మరీ.
పొద్దున్నే దుప్పటి మీద
గసగసాలంత నెత్తుటి చుక్కలు.
మా ఆవిడ ఏమీ అనదు, చన్నీళ్లలో నానబెడుతుంది.
ఆ అనకపోవడం ఇంకో దురద.

డాక్టర్ నిషిదాతె పెద్దావిడ.
"పూతమందు మానొద్దు" అంది ముందుగా,
"ఊపిరి దానికి తోడే గాని బదులు రాదు."
తర్వాత కళ్లజోడు తీసి అడిగింది:
"దురదకీ గోరుకీ మధ్య ఎంత దూరం?"
నవ్వొచ్చింది నాకు. దూరమా?
"డ్రైవరుగారూ, సిగ్నల్ ఎంత దూరం నుంచి కనపడాలి మీకు?"
ఆరువందల మీటర్లు, అన్నాను.
"అందులో ఒక్క మీటరు వెతకండి ఇక్కడ."

మా ఉద్యోగంలో దేన్నీ ఊరికే చూడకూడదు.
వేలు చాపాలి, పేరు పెట్టి పైకి పిలవాలి,
పెట్టె ఖాళీగా ఉన్నా, వినేవాడు లేకపోయినా.
బయల్దేరు సిగ్నల్, పచ్చ.
గడియారం, ఆరూ పదిహేడు.
వంతెన, గాలి మామూలు.
పిలవని దాన్ని కళ్లు మింగేస్తాయి.
కొత్తలో మా గురువు తలమీద మొట్టి నేర్పిన సంగతి.

ఆ రాత్రి పరుపు మీద కూర్చుని
సిగ్గుపడుతూనే
వేలు చాపాను నా మీదికి.
ఎడమ మోచేయి. దురద. నాణెమంత.
అంచుల్లో ముళ్లు, నడుమ సెగ.
ఊపిరి లోపలికి. బయటికి.
ఎడమ మోచేయి. దురద. పెరుగుతోంది.
పెరిగింది.
అరచెయ్యి దాని మీద ఆనించి, గోళ్లు పైకి లేపి,
ఎర్రలైటు ముందు బండిలా
ఇంజను ఆపకుండా కూర్చున్నాను.
ఎంతసేపో చెప్పలేను.
అది కొంచెం పక్కకి జరిగింది.
నేను చూస్తుండగా జరిగింది.
ఇన్నేళ్లలో దాని వీపు చూడటం అదే మొదలు.

గెలిచానని చెప్పుకోను.
మా లైను మూసేస్తారని మీటింగులో చెప్పిన రోజు
మెడంతా రక్కేసుకున్నాను.
ఆ రాత్రి ఏ పేరూ నోటికి రాలేదు.
మందు పూసుకుని, గ్లౌజులు తొడుక్కుని
గోడకి తిరిగి పడుకున్నాను.

ఇబుకికి ఆరేళ్లు.
మోకాళ్ల వెనక నా ఆస్తి తనకే రాసిచ్చాను.
మొన్న ఆదివారం, స్నానమయ్యాక మందు రాస్తుంటే
కాలు లాక్కుని, నా చెవి వెనక్కి వేలు చాపి
ఇల్లంతా దద్దరిల్లేలా అరిచింది:
"నాన్న! కుడి చెవి వెనక! పసుపు! నెమ్మది!"

కాగితం తలుపు అవతల్నించి
ఎన్ని రాత్రులు విందో.

నా చెయ్యి అప్పటికే సగం దారిలో ఉంది.
ఆగింది, గాల్లో, మందు అంటిన వేళ్లతో.
"మరి పచ్చ ఎప్పుడు పడుతుంది?" అనడిగాను.
"నాకేం తెలుసు, నువ్వేగా డ్రైవరువి" అంది
మోకాలి వెనక
మెల్లగా గోక్కుంటూ.